మీట కింద మడత కాగితం

కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రీని మా వీధిలో అందరూ నూనెచుక్క అంటారు. ఎవరింటికి వెళ్ళినా తలుపు కిర్రుమంటే చాలు, అడగకుండానే బందులో ఓ చుక్క వేసి వచ్చే మనిషి. దేవుడిచ్చిన హస్తవాసి. సొంత రేడియోల మీద దూరదేశాల వాళ్ళతో కబుర్లాడే హ్యామ్‌లు కూడా తమ పాత టెలిగ్రాఫ్ మీటలు మొరాయిస్తే ఆయన దగ్గరికే తెచ్చేవారు.

వాటిలో అరుదైనది, తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన తంతి మాస్టారిది. అలాంటి ఇత్తడి మీటలు చేసినవే కొన్ని, మిగిలినవి ఇంకా తక్కువ. పక్షవాతంతో నోరు పడిపోయాక ఆ మీటే ఆయనకు నోరైంది. కూతురు దానికో బీప్ పెట్టె తగిలించింది. ఆయన ఎడమచేత్తో చుక్కలూ గీతలూ కొడితే, చిన్నప్పుడే తండ్రి దగ్గర ఆ విద్య నేర్చుకున్న ఆవిడ విని అక్షరాలు రాసుకునేది.

హ్యామ్‌ల సమావేశంలో చూపిస్తామని వాళ్ళడిగితే, రెండు రోజులేగా, మౌనవ్రతం అనుకుంటానని కొట్టి ఇచ్చాడు మాస్టారు. సమావేశానికి ముందు ఒక్కసారి చూడమని దాన్ని మేస్త్రీకి అప్పగించారు. పాత ఇత్తడికి మెరుగు పెట్టకూడదన్నది వాళ్ళ పట్టింపు. మేస్త్రీకి మనసొప్పలేదు. పెద్దాయన వస్తువు నల్లగా ఉండటమేమిటని మరలన్నీ విప్పి అద్దంలా తోమాడు. మీట అడుగున నాలుగు మడతల కాగితం ముక్క ఉంటే తుక్కు డబ్బాలో పడేశాడు. మీట నొక్కితే తగిలే రెండు మొనల మధ్య పుస్తకంలో చెప్పినంత సందు పెట్టి బిగించాడు.

మీట ఇంటికి చేరిన రోజు నుంచే అక్షరాలు రాలేదు. చుక్కలు ఎగిరిపోతున్నాయి, గీతలు ముక్కలవుతున్నాయి. మూడో రోజుకి ఇంట్లోవాళ్ళు మతి కూడా పోయిందనుకున్నారు. సాయంత్రం నాలుగింటికి డాక్టరు వస్తానన్నాడు. మాట అర్థమవుతోందని తేలితే వైద్యం సాగిస్తాడు, లేదంటే ఇక లాభం లేదని మానేస్తాడు.

రెండున్నరకి కూతురు మేస్త్రీని పిలిపించింది. మీట చూడగానే ఆయనకి అర్థమైంది. నీరసపడ్డ వేళ్ళకి అంత సందు ఎక్కువ. తగ్గించాడు. బీప్ ఆగకుండా మోగింది. కాస్త పెంచాడు. మళ్ళీ ముక్కలే. వెంట్రుకవాసి తేడా, ఎటు తిప్పాలో తెలియదు. పాత గుర్తు చూద్దామంటే మర మీది మరకలన్నీ తన చేత్తోనే తోమేశాడు. ఏడోసారికి మాస్టారు చెయ్యి వెనక్కి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు.

"నా వల్లే అమ్మా," అన్నాడు మేస్త్రీ మెల్లగా. "శుభ్రం చేద్దామని నోరు నొక్కేశాను."

ఆవిడ కోపగించుకోలేదు. కుర్చీ దగ్గరికి జరిపి కూర్చోమంది.

అప్పుడు మాస్టారి చెయ్యి దుప్పటి అంచు పట్టుకుంది. ఒక మడత, రెండు, మూడు, నాలుగు. ఆ మడతని మీట వైపు తోశాడు. మూడు రోజులుగా ఇదే వరస, ఊరికే దుప్పటి నలుపుతున్నారని కూతురు అంటూ ఉంది. మేస్త్రీ అప్పటికే గుమ్మం దాటాడు.

దుకాణంలో తుక్కు డబ్బా ఖాళీ. అందులోని మడత కాగితమేదని అడుగుతున్న మొగుణ్ణి చూసి భార్య సూదుల పెట్టె తెరిచింది.

"ఇదేనా? ఎవరో అంత శ్రద్ధగా మడతపెట్టుకుంటే పారెయ్యడానికి చేతులెలా వచ్చాయయ్యా నీకు?"

ఆయన దణ్ణం పెట్టినంత పనిచేసి పరుగెత్తాడు.

నాలుగవడానికి ఐదు నిమిషాలుంది. మెట్ల మీద డాక్టరు చెప్పుల చప్పుడు. మేస్త్రీ కాగితాన్ని మొనల మధ్య పెట్టి, దాని మందమే కొలతగా, అది పట్టేసే వరకు మర తిప్పి, బిగించి, కాగితాన్ని లాగేశాడు. మాస్టారి వేలు మీట మీద పడింది.

డాక్టరు గుమ్మంలోనే ఆగాడు. కూతురి పెన్సిలు కదిలింది. ఆవిడ పైకి చదవలేదు, లేచి వెళ్ళి తలవైపు కిటికీ మూసింది. గాలి ఆడాలని మూడు రోజులుగా వాళ్ళు తెరిచి ఉంచిన కిటికీ అది.

"చలేస్తోందట," అంది.

డాక్టరు మంచం పక్కన కూర్చుని ప్రశ్నలు మొదలెట్టబోయాడు. మీట మళ్ళీ మోగింది. కూతురు రాసింది చూసుకుని మేస్త్రీ వైపు తిరిగింది.

"మీకు కాఫీ ఇమ్మంటున్నారు. ముందు చేతులు కడుక్కోవాలట, పాలిష్ కంపు కొడుతోందట."

మేస్త్రీ బుద్ధిగా లేచి పెరట్లోకి నడిచాడు.