పసుపుతాడుతో ఐదేళ్ళు

పోయిన మంగళవారం పొద్దున మారండహళ్ళి మండీలో టమాటా పెట్టెలు దించుతుండగా బావ నా సెల్లుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది రా. పూలు కడతా కడతా అట్నే ఒరిగిపోయింది" అన్నాడు. పెట్టెలు ఎక్కడివక్కడ వదిలేశాను. ఆ రోజు ధర ఎంత పలికిందో, డబ్బు ఎవరు తీసుకున్నారో ఇప్పటికీ తెలియదు. బస్సెక్కి మా ఊరు ఇండూరు వచ్చేశాను.

బావ తల్లి అంటే నా మేనత్త, మా నాన్న చెల్లెలు. పుట్టిన ఊళ్ళోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల కాపురం చేసింది. మా ఇంటికి ఎప్పుడూ పెరటి దారినే వచ్చేది. పొయ్యి మీద ఏముందో మూత తీసి చూసి, ఉప్పు చాలదనిపిస్తే తానే వేసి వెళ్ళిపోయేది. మా అమ్మకు ఒళ్ళు మండేది. ఆమె ఉప్పు వేశాక కూర నిజంగానే బాగుండేది, మా అమ్మ అసలు కోపం అదీ. కూర్చుని మాట్లాడటం అత్తకు చేతకాదు. ఎంత పెద్ద సంగతైనా గుమ్మానికి ఆనుకుని నిలబడే తేల్చేసేది. తమిళనాట పుట్టి పెరిగిన మనిషి, మాట్లాడేది తెలుగు, సంతకం పెట్టేది తమిళంలో. నేను రాసే ఈ నాలుగు ముక్కలు ఆమె బతికి ఉన్నా చదవలేకపోయేది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

వానలు మొహం చాటేసిన ఏళ్ళవి. మా బావి ఎండిపోయింది. పక్క చేని వాళ్ళు బోరు వేయిస్తే నీళ్ళు పడ్డాయి. నా జబ్బు అక్కడ మొదలైంది. వాళ్ళ పైపులోంచి నీళ్ళు దూకుతుంటే నాకు అన్నం సహించేది కాదు. ఉన్న డబ్బంతా పెట్టి నేనూ ఒక బోరు వేయించాను. దుమ్ము వచ్చింది. మొదటి బోరుతో బుద్ధి తెచ్చుకున్నవాడు మా వైపు ఎవడున్నాడు? అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటి ఊట చూసే మనిషిని పిలిపించాను. చేని ఈశాన్యం మూలకు వెళ్ళేసరికి అతని చేతిలో కాయ లేచి నిలబడింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు.

మా వైపు చేతిలో డబ్బు లేకపోతే డబ్బు అడగరు, నగ అడుగుతారు. చుట్టాల నగ తెచ్చి ధర్మపురిలో అడకు కడలో, అంటే తాకట్టు కొట్లో పెట్టి, పని జరిగాక విడిపించి ఇస్తారు. డబ్బు అడిగితే నామోషీ, నగ అడిగితే చుట్టరికం. నేను వెళ్ళేసరికి అత్త పెరట్లో ఉలవలు చెరుగుతోంది. మెడలో ఐదు సవర్ల, అంటే నలభై గ్రాముల తాళిగొలుసు. వచ్చిన పని చెప్పాను.

"ఎన్ని అడుగులు పోతావు అల్లుడూ?" అని అడిగింది.

"నాలుగు నూర్లు అత్తా. నీళ్ళు పడకపోతే ఆడికే నిలిపేస్తా."

"నాలుగు నూర్లు. మాట తప్పొద్దు."

లోపలికి వెళ్ళి, తాళిని పసుపుతాడుకు మార్చుకుని వచ్చి, గొలుసు నా చేతిలో పెట్టింది. మామను ఒక మాట అడగనైనా లేదు.

నాలుగు వందల అడుగుల దగ్గర తడి మట్టి వచ్చింది. వేళ్ళతో పిసికి వాసన చూశాను. "ఇంకో రాడ్డు దింపేదా?" అన్నాడు బోరు బండి మనిషి. రాడ్డుకు ఇరవై అడుగులు. ఒకటే కదా, దింపు అన్నాను. అలా పన్నెండుసార్లు ఒకటే కదా అన్నాను. చివరికి తెల్లటి రాతిపొడి లేచి నా నెత్తిన పడింది. బండివాళ్ళకు ఇవ్వడానికి డబ్బు చాలక, మర్నాడే అడకు కడకు వెళ్ళి అదే గొలుసు మీద ఇంకా ఎంత వస్తే అంత తీసుకున్నాను. అత్తకు చెప్పలేదు. మొదట తీసుకున్నది గొలుసు విలువలో సగమే, ఒక్క పంట చేతికొస్తే విడిపించేవాణ్ణి. నా జన్మలో చేసిన అప్పులన్నిటిలో ఇప్పటికీ నన్ను తినేది ఆ రెండోసారి తీసుకున్నదే.

పంటా రాలేదు, వడ్డీ కట్టిందీ లేదు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు గొలుసు ఏదని అడిగితే, "చెమటకు మెడ ఒరుసుకుంటా ఉండాది, తీసి పెట్టినా" అనేది అత్త. చివరికి వేలం వేస్తామని నా పేరిట కాగితం వచ్చింది. గొలుసును కాపాడాలంటే వారం వడ్డీకి ఇచ్చే మనిషి ఒక్కడే దిక్కనుకున్నాను. టౌనుకు పోదామని బస్సు కోసం నిలబడి ఉంటే, మిట్టమధ్యాహ్నం ఎండలో అత్త వచ్చింది.

"వారం వడ్డీ మనిషి దగ్గిరికి కద? నీ పెండ్లాము చెప్పింది."

నేను జేబులోంచి వేలం కాగితం తీసి చూపించాను.

"గొలుసు పోతే పోనీ. దాని కోసరం ఇంకో అప్పు, ఇంకో కడను చేయొద్దు. ఆ మనిషి చేతిలో పడితే చేను మిగలదు, బిడ్డల చదువూ మిగలదు. అప్పుడు నేను నీకి ఏమిచ్చి కాపాడేది?" మళ్ళీ తనే అడిగింది. "ఇప్పుడు చెప్పు. ఎన్ని అడుగులు పోయినావు?"

"ఆరు నూర్ల నలభై."

"తెలుసు. ఆ దినం మిద్దె మీద మిరపకాయలు ఆరబెట్టినా. పొద్దు గూకే దాకా బండి మోత నిలవలేదు. నువ్వే చెప్తావని ఇన్నాళ్ళు చూసినా."

బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఇద్దరం నడిచి ఇంటికి వచ్చాం. నేను ఏడుస్తూనే వచ్చాను.

గొలుసు వేలంలో పోయింది. ఆ సంగతి ఊరంతా తెలిసింది. మేనత్త తాళి మింగినవాడని నాకు పేరు పడింది. మొహాన ఎవరూ అనలేదు కానీ, టీ కొట్టు దగ్గరికి నేను వెళితే మాటలు ఆగిపోయేవి. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. హోసూరులో కట్టడం పనికి పోయాను. ఊళ్ళో ఉన్నప్పుడు వాన పడితే రాగులు, ఉలవలు చల్లాను. విత్తనాలకు కూడా అప్పు చేయలేదు. అత్త ఒక్కసారైనా తిట్టి ఉంటే నాకు సగం బరువు దిగేది. తిట్టలేదు. ఎదురైతే, "అన్నం తిన్నావా? చేతిలో ఉండేదానితో ఎంతయితే అంత చెయ్యి, చాలు" అనేది. మామ గొణిగితే ఆయన నోరూ ఆమే మూయించేది.

గొలుసు ఇచ్చిన ఐదేళ్ళకు నేను కొత్తది కొనగలిగాను. అప్పటికి బంగారం ధర ఎక్కడికో పోయింది. మూడు సవర్లే వచ్చాయి. తీసుకెళ్ళి ఇస్తే ముట్టుకోలేదు.

"కడను చేసి కొన్నావా?"

"లేదత్తా."

"నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టి చెప్పాను. అప్పుడు మామను పిలిచి గొలుసు వేయించుకుంది. రెండు సవర్లు తక్కువని చెప్పబోతుండగానే చెప్పులేసుకుని వీధిలోకి దిగింది. మా ఇంటికి తప్ప పనిలేకుండా ఎవరి గడపా తొక్కని మనిషి. మొదటి ఇంటి ముందు ఆగి, "రవంత నీళ్ళు ఇయ్యి తల్లీ" అంది. మా ఊళ్ళో లోటాను పెదాలకు తగలనీయరు, తల బాగా వెనక్కి వాల్చి పైనుంచి పోసుకుంటారు. అలా తల వాల్చేసరికి ఆమె మెడంతా ఎండలో మెరిసింది. ఆ ఇంటావిడ చూసింది. "మా అల్లుడు చేయించినాడు" అని చెప్పి అత్త పక్కింటికి నడిచింది. అక్కడా నీళ్ళే అడిగింది. ఆ పక్కింట్లోనూ అంతే. నేను ఆమె వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాను. వీధి చివరి ఇంటికి చేరేసరికి ఆమెకు దాహం ఎక్కడుంటుంది? అయినా లోటా ఎత్తింది.