రామలింగం గారి తల విభజన

దేశాలను విభజించడానికి కమిషన్లు వేశారు, సర్వేయర్లను దింపారు, పటాలు గీశారు. రామలింగం గారి తల విభజనకు ఒక్క దువ్వెన సరిపోయింది. నుదుటి నుంచి మెడ దాకా నడిమి పాపిడి. ఎడమ పక్కకు కొత్త షాంపూ, కుడి పక్కకు పాత షాంపూ. ఆ సరిహద్దును ఆయన ఏనాడూ ఉల్లంఘించలేదు.

జల్‌పల్లిలో షాంపూలు, క్రీములు చేసే మా కంపెనీ ల్యాబుకు ఆయన పెద్ద. నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. పరీక్షలకు మనుషులను పిలిపిస్తానని యజమాని మనీష్ ఎప్పుడు అన్నా, "నా తల ఉన్నది గద సార్" అనేవారు. ఇంకొకరి తలను నమ్మని మనిషని మేం తీర్మానించుకున్నాం. ఫలితంగా ఆయన జుట్టు ఒక పక్క పట్టుకుచ్చులా జారితే, రెండో పక్క కొబ్బరిపీచులా లేచేది.

"సాబ్, సగం తల కిరాయికిచ్చినవా?" అని దబీర్‌పురా ఆటోవాలాలు అడిగేవారు.

"కిరాయిదారు మంచోడే. నువ్వు బండి నడుపు భాయ్."

ల్యాబులో గాజు సామాను కడిగే కాశమ్మ ఒకనాడు ముఖం వేలాడేసుకుని వచ్చింది. కూతురు స్వీటీకి పెళ్లి కుదిరింది. కానీ వరుడి తరఫువాళ్లు నెరిసిన తల చూసి కాశమ్మను "అమ్మమ్మా" అని పిలిచారట.

"రంగేసుకో" అన్నాను.

"ఏస్తే మొహం బూరె లెక్క పొంగుతది సారూ. ఫోటోల నేను నిలబడ. పిల్లకు చెప్పేసిన."

రామలింగం గారు దువ్వెన అందుకున్నారు.

ఆ వారం ఆయన ఎడమ పక్క తుప్పు రంగుకు తిరిగింది. తర్వాత వంకాయ రంగుకు. తన తల గట్టెక్కిన రంగునే కాశమ్మ చెవి వెనక చుక్క పెట్టి, రెండు రోజులు ఆగి చూసేవారు.

"షాంపూ చెయ్యమంటే ఈ హోలీ ఏంది రామలింగం గారూ?" అన్నాడు మనీష్.

"జర ఓపిక పట్టుండ్రి సార్. ఇంకా నలుపు దాకా రాలే."

పెళ్లినాటికి వచ్చింది. చర్చిలో కాశమ్మ నిగనిగలాడే కొప్పుతో, ఎప్పటి ముఖంతోనే కూతురి పక్కన నిలబడింది. వెనక వరుసలో సగం నలుపు, సగం తెలుపుగా రామలింగం గారు.

"అంకుల్, మీరు జర ఒక దిక్కుకే తిరుగుండ్రి" అని ఫోటోగ్రాఫర్ బతిమాలాడు.

"ఈయనకు తన తల మీదే నమ్మకం" అన్నాను కాశమ్మతో నవ్వుతూ.

"నమ్మకం గాదు సారూ. మీరు రాకముందు కొత్త సరుకు మా కడిగేటోళ్లకే పూసి చూస్తుండ్రి. ఒకసారి నా మొహం ఉబ్బింది. గప్పటి సంది సారు తన తలనే పెడుతుండు."

మనీష్ మాత్రం కొప్పునే చూస్తున్నాడు. ఈ నలుపు చరిత్ర సృష్టిస్తుందనీ, చార్మినార్ దగ్గర పెద్ద హోర్డింగ్ పెట్టిస్తాననీ అక్షింతలంత ధారాళంగా ప్రకటించాడు. రామలింగం గారు బిర్యానీ మీదే దృష్టి నిలిపారు.

సోమవారం కాశమ్మ తలకు పోసుకుంది. రంగు పోయింది.