నాలుగు వేళ్ళ నల్లమట్టి

నా చిన్నప్పుడు మట్టంటే నల్లగానే ఉంటుందనుకునేవాణ్ణి. గుంటూరు వైపు రేగడి పల్లెలో పుట్టినవాడికి ఇంకో రంగు ఎందుకు తెలుస్తుంది? ఎండాకాలం మా పొలంలో పాదం దూరిపోయేంత బీటలు పడేవి. ఆ బీటలోకి నా ఎత్తు కర్ర దించినా అడుగున కూడా అదే నలుపు, అదే మట్టి. మా నాన్న సేద్యమంతా ఆ నమ్మకం మీదే నడిచింది. పైన సారం తగ్గితే కింద ఇంకా ఉంది, తిరగేసి తెచ్చుకోవడమే. వేసవిలో పెద్ద ఇనప నాగలికి రెండు జతల ఎడ్లు కట్టి లోతు దుక్కి దున్నడంలో ఆయన్ని మించినవాడు లేడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

నాకిప్పుడు అరవై దాటాయి. బహ్రెయిన్‌లో తోటలు వేసే ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌ని. మట్టి గురించి అడిగితే గంటలు గంటలు చెబుతాను, మా క్యాంపులో నన్ను చూసి పారిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఆ చదువు నాకెక్కడ అబ్బిందో, దానితో నేనేం చేశానో ఎవరికీ చెప్పలేదు. మంచి కథ కాదు.

నాకు పదో ఏడు నడుస్తుండగా, గోదావరి దాటితే అడవి అంచున భూమి చవగ్గా దొరుకుతోందని మా నాన్న చెవిన పడింది. ఉన్న రెండెకరాల రేగడీ అమ్మేసి అక్కడ ఎనిమిదెకరాలు తీసుకున్నాడు. చెట్లు కొట్టి, మొద్దులు పీకిన నేల అది. పైన ఇంకా ఎండాకు దుప్పటిలా పరుచుకొని ఉంది. దాన్ని కాలితో తోసి, కింద కనిపించిన నల్లమట్టి గుప్పిట పట్టుకొని, మా అమ్మ చేతిలో పోసి, ‘చూశావా, ఇదీ మన రేగడే,’ అన్నాడు మా నాన్న. మా అమ్మ నవ్వింది. ఊరు వదిలినప్పటి నుంచి ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు.

నాకు మాత్రం అక్కడ ఒక్కరోజు కూడా ఉండబుద్ధి కాలేదు. బడి లేదు, ఆడుకోవడానికి తోడు లేదు. మా ఊరు, మా వీధి, నా గోళీల డబ్బా ఇచ్చి వచ్చిన నేస్తగాడు, ఇవే కళ్ళలో మెదిలేవి. ఎలాగైనా వెనక్కి వెళ్ళిపోవాలి. పడుకోబోయే ముందు ప్రార్థనలో అమ్మానాన్నలతో కలిసి కళ్ళు మూసుకొని, లోలోపల నేనడిగేది అదొక్కటే.

మా చేను పక్కనున్న గుట్ట మీద ఒక తాత ఉండేవాడు. నేను గుట్ట తాత అనేవాణ్ణి. అడవి దుంపలు తవ్వుకొని బతికేవాడు. దుంప కోసం రోజూ నేలలోకి దిగేవాడు కాబట్టి కింద ఏముందో ఆయనకి తెలుసు. మేం దిగిన వారంలోనే వచ్చి మా నాన్నతో ఏదో చెప్పబోయాడు. మా నాన్న సగంలోనే ఆపేశాడు. మూడు తరాలుగా సేద్యం చేసినవాళ్ళం, అడవిలో తిరిగేవాడు మాకు దుక్కి నేర్పుతాడా అన్నట్టు మాట్లాడాడు. తాత నొచ్చుకున్నట్టు కనిపించలేదు. తలూపి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత, గుట్ట వైపు వెళ్ళొద్దన్న మాట పెడచెవిన పెట్టి నేనక్కడ తిరుగుతుంటే ఆ తాతే పిలిచాడు. ఇనప మొన ఉన్న కర్రతో, చెట్లు కొట్టని చోట నా నడుము లోతు గుంట తవ్వి ఉంచాడు. ఒక పక్క గోడలా నిలువుగా చెక్కాడు. నన్ను అందులోకి దింపి, ‘పైనుంచి కిందికి చెయ్యి పెట్టి చూడు బిడ్డా, తొందర పడకు,’ అన్నాడు.

పైన ఎండిన మద్దాకు, తునికాకు గలగలమన్నాయి. వాటి కింద సగం కుళ్ళిన ఆకు, తడిగా, తెల్లటి బూజు దారాలతో ఒకదానికొకటి అంటుకొని ఉంది. దాని కింద నల్లమట్టి, పిడికిట్లో నలిగిపోయేంత మెత్తగా. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఊరి మట్టే అనుకున్నాను. తాత నా చెయ్యి తీసి ఆ నలుపుకి అడ్డంగా ఆనించాడు. సరిగ్గా నాలుగు వేళ్ళు. అంతే. అవి కూడా పిల్లాడి వేళ్ళు.

ఆ కింద మట్టి వెలిసిపోయి ఉంది, బియ్యం కడిగిన నీళ్ళ రంగులో. ‘వాన దీన్ని కడిగి కడిగి, ఉన్న బలమంతా కిందికి గుంజుకపోయింది,’ అన్నాడు. ఆ కింద మొరం. తుప్పు రంగు గులకరాళ్ళు, వాటి సందుల్లో ఎర్రటి బంకమట్టి. వేలు పెడితే గోరు విరిగింది. అన్నిటికంటే అడుగున పసుపచ్చటి రాయి. చూడటానికి రాయే, గోటితో గీస్తే పిండిలా రాలింది. వేర్లు ఎక్కడున్నాయో చూడమన్నాడు. అంతంత మానుల వేర్లన్నీ ఆ నాలుగు వేళ్ళ నలుపులోనే అల్లుకొని ఉన్నాయి. మొరంలోకి దిగినవి రెండో మూడో.

తర్వాత కాసిన్ని నీళ్ళు మొరం మీద పోశాడు. గులకల మధ్య నుంచి బొటబొటా దిగిపోయాయి, నేల నిలుపుకోలేదు. ఎర్రమట్టి చిటికెడు నా నాలుక మీద పెట్టాడు. నోరు బిగుసుకుపోయింది. పుల్లనేల ఇది, అన్నాడు. ఆకు కుళ్ళిన పులుపు, వాన కడిగిన పులుపు. పైపైన గీకి గింజ వేస్తే, కాస్త కట్టెల బూడిద చల్లితే ఆ పులుపు విరిగి నాలుగేళ్ళు తిండి పెడుతుంది. లోతుకి దున్నితే నలుపు కిందపడి చస్తుంది, మొరం పైకొస్తుంది, ఇక ఈ నేల లేవదు. ఇదంతా చెప్పి, చివర్న నా భుజం మీద చెయ్యేసి, ‘మీ అయ్య నా మాట ఇనడు. కొడుకువి, నువ్వు చెప్తే ఇంటడు,’ అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మా నాన్న ఇనప నాగలికి కర్రు బిగిస్తున్నాడు. అరువెడ్లు వచ్చేశాయి. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. అన్నం తింటూ, మిరప ఎన్ని సాళ్ళు వస్తుందో మా అమ్మకి చెబుతున్నాడు. నేను కంచం ముందు కూర్చున్నాను. ఒక్క మాట చాలు. గుట్ట వైపు వెళ్ళినందుకు రెండు తగిలేవి, అంతకంటే ఏమయ్యేది? భయపడి నోరు పెగల్లేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. పంట పోతే ఊరికి వెళ్ళిపోతాం కదా అనిపించింది. పదేళ్ళ వెధవకి అమ్మేసిన పొలం తిరిగి రాదని తెలియదు. కిక్కురుమనకుండా అన్నం తినేసి లేచాను.

మర్నాడు దుక్కి మొదలైంది. నాగలి వెనకే నడిచాను. ప్రతి సాలుకీ నలుపు కిందికి పోవడం, ఎర్ర మొరం పైకి తిరగబడటం కళ్ళారా చూశాను. రెండు వారాల్లో ఎనిమిదెకరాలూ రోడ్డు వెయ్యడానికి కంకర పోసినట్టు తయారైంది. మా నాన్నకి మాత్రం ముచ్చటగానే ఉంది. తొలకరి పడితే అదే చివికి మెత్తబడుతుందన్నాడు. గుట్ట తాత గట్టు దాకా వచ్చి నిలబడ్డాడు. నా వంక ఒకసారి చూశాడు. నేను తల దించుకున్నాను. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ మా చేను వైపు రాలేదు.

మిరప నారు నాటిన నెలకే ఆకు పసుపు తిరిగింది. పీకి చూస్తే వేరు మొద్దుబారి, పైపైనే ముడుచుకొని ఉంది. రెండు పెద్ద వానలకి అక్కడక్కడా మిగిలిన కాస్త నలుపూ వాగులో కలిసింది. ఆ ఏడు ఎండుమిరప ఇంట్లోకి కూడా చాల్లేదు. మా నాన్న ఏం చేశాడో తెలుసా? దుక్కి చాల్లేదనుకున్నాడు. మంచి మట్టి ఇంకా కింద ఉందనుకొని, రెండో ఏడు ఇంకో జత ఎడ్లు కట్టించి ఇంకా లోతుకి దున్నాడు. రేగడి మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని పని అది. అప్పటికి నాకు అర్థమైంది, మాకు తిరిగి వెళ్ళడానికి ఊరు లేదని. అయినా చెప్పలేదు. అప్పుడు చెబితే, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు కదా.

రెండో ఏడూ పంట పోయాక, లోతు దుక్కే నేలని చంపిందని మా నాన్నకి తెలిసొచ్చింది. మూడో ఏడు నాగలి పట్టలేదు. చర్చిలో ఎవరో సాయపడితే మా నాన్న బహ్రెయిన్ వచ్చాడు. సిత్రాలో చమురు ట్యాంకులకి పునాది గుంతలు తవ్వే పని. అమ్మా నేనూ ఒక చిన్న టౌనులో అద్దె గదిలో ఉండేవాళ్ళం. రెండేళ్ళకోసారి సెలవుకొచ్చేవాడు, ప్రతిసారీ ఇంకాస్త ఎండిపోయి. రెండోసారి వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు. అరుగు మీద ఇద్దరమే కూర్చున్నాం. ఆయన తన అరచేతులు చూసుకొని, ‘ఒక్కడూ చెప్పలేదురా. ఆ ముసలాయన చెప్పబోతే నేనే వినలేదు. ఆ తర్వాత ఒక్కడంటే ఒక్కడు, చిన్నపిల్లాడు చెప్పినా ఆగేవాణ్ణి,’ అన్నాడు.

నన్నేమీ అనుమానించి అన్న మాట కాదది. తనని తాను తిట్టుకుంటూ అన్నాడు. నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. ఆ సెలవు తర్వాత ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. క్యాంపులో, డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు వేసుకుంటుండగా గుండె ఆగిపోయిందని కబురొచ్చింది. ఇక్కడే పాతిపెట్టారు.

కొన్నేళ్ళకి నేనూ ఇక్కడికే వచ్చాను. నేర్చుకున్నది మట్టి పని కాబట్టి తోటల కంపెనీలో కుదిరాను. ఇక్కడి నేల చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు. పైన ఇసుక, జానెడు దిగితే తెల్లటి సున్నపురాయి, గడ్డపార వేస్తే ఖణేల్మంటుంది. ఎటు తవ్వినా సున్నమే. మా ఎనిమిదెకరాల పులుపు విరగ్గొట్టడానికి ఏది కావాలో అదే ఇక్కడ గుట్టలు గుట్టలుగా ఉంది. నేను జీతం తీసుకునేది మాత్రం ఈ నేలకి గంధకం కలిపి, కొబ్బరి పొట్టు కలిపి, కాస్త పులుపు తెప్పించడానికి. అవాలీలో, రిఫాలో నేను వేసిన తోటలున్నాయి. జనం ఆగి ఫొటోలు తీసుకుంటారు. ఏటా మా నాన్న పోయిన రోజున సమాధి దగ్గరికి వెళతాను. చచ్చిపోయినవాళ్ళకి చెప్పడం తేలికంటారు. అక్కడా నాకు నోరు రాలేదు.

పోయిన శుక్రవారం మా తెలుగు చర్చి సహవాసంలో పిల్లలకి ఏదైనా చెప్పమన్నారు. పెద్ద గాజు జాడీలో ఆ గుంటని మళ్ళీ పేర్చాను. అడుగున పసుపచ్చ రాళ్ళు, ఎర్ర కంకర, కడిగిన ఇసుక, పైన నాలుగు వేళ్ళ మందాన నర్సరీ నల్లమట్టి, ఆపైన ఎండాకు. నీళ్ళు పోసి చూపించాను. గుట్ట తాత గురించి చెప్పాను, ఆయన నా భుజం మీద చెయ్యేసి పంపాడని కూడా చెప్పాను. అక్కడితో ఆపేద్దామనుకున్నాను. ముందు వరసలో కూర్చున్న ఒక పాప, ఎనిమిదేళ్ళుంటాయేమో, చెయ్యెత్తింది.

‘మరి మీ నాన్నకి చెప్పారా తాతయ్యా?’

‘చెప్పానమ్మా,’ అన్నాను.

‘విన్నారా?’

‘ఆ, విన్నాడు.’

పాప తృప్తిగా తలూపింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మట్టి గురించి గుట్ట తాత నేర్పింది నాకు ఇన్నేళ్ళూ కూడు పెట్టింది, దాన్ని ఎవరికైనా నేర్పగలను. ఆయన అప్పగించిన మాట మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. యాభై ఏళ్ళకి ‘చెప్పాను’ అన్నాను, అదీ అబద్ధంగా, ఎవరి పాపకో. మా నాన్న ఇక్కడికి అరగంట దూరంలో ఉన్నాడు, ఆయనకింకా తెలియదు.