తోడికోడలి కోసం చల్లటి టీ

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ఆమె ఇరవై రెండేళ్ళుగా అద్దాలు అరగదీస్తోంది. ముందు గదిలో గాజుబల్లలు, నిలువుటద్దాలు, నవ్వుతూ మాట్లాడే సేల్స్ అమ్మాయిలు. వెనక గదిలో నీళ్ళు చుక్కచుక్కగా పడే సానచక్రం, పవర్ చూసే మిషన్, ఆమె. అద్దాన్ని మిషన్‌లో పెట్టి, చూపు నిలిచే చోట సిరాచుక్క పెట్టి, ఫ్రేముకు తగ్గట్టు అంచులు అరగదీయడం ఆమె పని. ఆ చుక్క రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగిందా, పెట్టుకున్న మనిషికి రోజూ తలనొప్పే. అందుకే ఆమె ఏ పనైనా రెండుసార్లు కొలిస్తే గానీ చేయదు. వీధిలో అందరికీ ఆమె అద్దాలక్క.

మాట తక్కువ మనిషి. ఆవిడ నోరు విప్పిన రోజు గోడ మీద రాసిపెట్టుకోవాలని బడిపంతులైన భర్త నవ్వేవాడు. ఆమె తోడికోడలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెద్ద హోటల్లో జ్యూసులు, టీలు కలిపే కౌంటర్ ఆమెది. ఆర్డర్ అందిందని ఇక్కడ అరిస్తే భోజనాల హాలు చివరి బల్ల దాకా వినపడేది. ఇద్దరివీ ఒకే ఇంట్లో కాపురాలు. కింద వాటాలో పెద్దకోడలు అద్దాలక్క, పై వాటాలో చిన్నకోడలు. మధ్యన పద్నాలుగు మెట్లు.

ఆ మెట్ల మీద తొమ్మిదేళ్ళపాటు వాళ్ళిద్దరి మధ్య మాట నడవలేదు.

అత్తగారు ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పోయింది. చిన్నకోడలు దుకాణానికి ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ ఎత్తిన పిల్ల అప్పుడే కొత్తగా చేరింది. సరేనంది, బేరాల హడావిడిలో మరిచిపోయింది. బడి నుంచి నేరుగా ఇంటికి పరుగెత్తిన భర్త, ఆమెకు కబురు వెళ్ళిందనే అనుకున్నాడు. అద్దాలక్క మామూలు వేళకు పని ముగించుకుని, చేతులకంటిన తెల్లటి గాజుబురద కడుక్కుని ఇంటికి వచ్చేసరికి వాకిట్లో చెప్పుల గుట్ట ఉంది. అత్తగారిని తీసుకెళ్ళిపోయారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిన తోడికోడలు చుట్టాలందరి ముందూ ఒక మాట అంది.

"రావాలని ఉంటే రెక్కలు కట్టుకుని వచ్చేవారు. ఆవిడకి అద్దాలే అత్తగారు."

దుఃఖంలో అన్న మాటే. కానీ ప్రాస కుదిరిన మాట, నలుగురి నోళ్ళలో పడింది. తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు ఆ మాట గుర్తుచేసి నవ్వేవారు. అద్దాలక్క జవాబు చెప్పలేదు. కబురు అందలేదని కూడా చెప్పలేదు. అడగనివాళ్ళకు సంజాయిషీ ఏమిటని ఆమె పట్టుదల. ఆ రోజు నుంచి తోడికోడలితో మాట మానేసింది. అన్నదమ్ములు మాత్రం మామూలుగానే ఉండేవారు. ఏదైనా కావాలంటే కబుర్లు వాళ్ళ ద్వారా ఎక్కేవి, దిగేవి. ఒకరు మెట్లు దిగుతుంటే రెండోవారు తలుపు వెనకే ఆగి, చప్పుడు పోయాక బయటికి వచ్చేవారు.

మాట లేకపోయినా గొంతు మాత్రం వినపడేది. పైన తోడికోడలు భర్తను కేకలేయడం, ఫోన్‌లో పకపకా నవ్వడం, గిన్నెలు తోముతూ తనలో తనే ఎవరినో తిట్టుకోవడం, అన్నీ కప్పులోంచి కిందికి దిగేవి. అద్దాలక్క విననట్టే ఉండేది. ఆ గొంతు బొంగురుపోవడం ఆ ఇంట్లో అందరికన్నా ముందు గమనించింది మాత్రం ఆమే. జలుబు చేసిందనుకుంది. నెల గడిచినా బొంగురు తగ్గలేదు. భర్తతో ఒకసారి, "డాక్టరుకి చూపించమని మీ తమ్ముడితో చెప్పండి" అంది. ఆయన చెప్పాడు. వాళ్ళు ఇంకో రెండు నెలలకు గానీ వెళ్ళలేదు.

గొంతులో కాన్సర్. స్వరపేటిక తీసేయాలన్నారు. మెడ కింద రంధ్రం చేస్తారు, ఇక ఊపిరి అందులోంచే. మనిషి బతుకుతుంది, గొంతు ఉండదు. ఈ సంగతి చెబుతున్నప్పుడు మరిది వదిన మొహం వైపు చూడలేకపోయాడు.

ఆసుపత్రిలో చేరడానికి ముందు రోజు మధ్యాహ్నం అద్దాలక్క సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. పైన తోడికోడలు ఫోన్‌లో తన గొంతు రికార్డు చేసి దాచుకుంటోంది. రోజూ వాడే మాటలు ఒక్కొక్కటిగా పలికి నింపుకుంటోంది. "తలుపేసుకోండి." "గ్యాస్ కట్టేశారా?" "నాకు ఆకలి లేదు, మీరు తినండి." బొంగురు గొంతుతోనే, మధ్యమధ్య దగ్గుతూ, ఒకే మాట రెండేసి సార్లు. వింటూ కూర్చోలేక అద్దాలక్క లేచి మెట్లెక్కింది. సగం దాకా ఎక్కింది. పైకి వెళ్ళి ఏమనాలి? తొమ్మిదేళ్ళు రాని మనిషి ఈ రోజే ఎందుకు వచ్చినట్టు? జాలిపడి వచ్చిందనుకోదూ? అక్కడే కాసేపు నిలబడి, తిరిగి దిగిపోయింది. ఆపరేషన్ అయ్యాక వెళ్దాంలే అనుకుంది. ఆ తర్వాత తోడికోడలికి బదులు చెప్పే గొంతే ఉండదని ఆమెకు తెలియక కాదు.

మూడు వారాల తర్వాత చిన్నకోడలు ఇంటికి వచ్చింది. కప్పులోంచి ఇప్పుడు అడుగుల చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. ఆ నిశ్శబ్దం కింద అద్దాలక్కకు ముద్ద దిగలేదు. మరిదికి సెలవులు అయిపోయాయి. అతను డ్యూటీకి వెళ్ళాల్సిన రోజు ఆమె దుకాణం యజమానిని ఇకమీదట రోజూ మధ్యాహ్నం రెండు గంటలు విడుపు కావాలని అడిగింది. అన్నేళ్ళ పనిలో, సెలవులు తప్ప, ఆమె అడిగిన మొదటి కోరిక అది. ఎందుకని కూడా అడక్కుండా ఆయన సరేనన్నాడు.

పద్నాలుగు మెట్లూ ఎక్కి తలుపు తోసింది. తోడికోడలు కిటికీ పక్కన కుర్చీలో ఉంది. మెడకు పలుచటి గుడ్డ, దాని వెనక ఊపిరి బుసబుసమంటోంది. మనిషి సగమైపోయింది. ఒళ్ళో చిన్న తెల్లబోర్డు, స్కెచ్ పెన్ను.

"నేనే, వచ్చాను" అంది అద్దాలక్క.

చిన్నకోడలు బోర్డు మీద రాసి తిప్పి చూపింది: 'కనపడుతున్నారు.'

ఏడవాలో నవ్వాలో తెలియక అద్దాలక్క వంటగదిలోకి వెళ్ళిపోయింది.

తోడికోడలు ఏమీ తినడం లేదు. ఆహారం పోసే గొట్టం తీసేశారు, నోటితో తినొచ్చన్నారు. కానీ రెండు ముద్దలకే గిన్నె పక్కకు నెట్టేస్తుంది. పాలు, మీగడ, ఏదైనా సరే బలమున్నది లోపలికి వెళ్ళాలని ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు. పోనీ ఏది తాగాలనిపిస్తోందో చెప్పమని అద్దాలక్క అడిగింది. ఆమె చాలాసేపు ఆలోచించి రాసింది: 'థాయ్ టీ. ఐసు వేసింది.'

హోటల్లో కొన్నాళ్ళు పనిచేసి వెళ్ళిన ఒక థాయ్ వంటావిడ ఆమెకు నేర్పిన టీ అది. కౌంటర్‌లో వేసవంతా చేతులు పడిపోయేలా కలిపేది. అద్దాలక్క ఎప్పుడూ రుచి చూడలేదు, పేరు కూడా వినలేదు. రాసిమ్మంది. తోడికోడలు రాస్తూ, చెరిపేస్తూ చెప్పింది. ఈమె దుకాణం చీటీల వెనక ఎక్కించుకుంది. నీళ్ళు మరిగాక రెండు గ్లాసులకు నాలుగు చెంచాల టీపొడి, రెండు అనాసపువ్వులు, చితక్కొట్టిన యాలకులు, చిన్న దాల్చినచెక్క ముక్క. కాసేపు మరిగించి, దించి, మూతపెట్టి వదిలేయాలి. గుడ్డసంచిలో వడగట్టి, వేడి మీదే పంచదార, కండెన్స్‌డ్ మిల్క్ కలపాలి. పూర్తిగా చల్లారనివ్వాలి. పొడుగు గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, టీ పోసి, పైన చక్కెర లేని చిక్కటి డబ్బా పాలు చెంచా వెనక నుంచి జారవిడవాలి.

'పాలు పోశాక కలపొద్దు. దారాల్లా దిగాలి. తొందరపడితే చెడుతుంది' అని రాసి, ఆగి, 'మీకది చెప్పక్కర్లేదు' అని కలిపింది.

మొదటిరోజు టీ చల్లారకముందే పోసేసరికి ఐసంతా కరిగి కుడితినీళ్ళయింది. అద్దాలక్క దాన్ని పారబోసి మళ్ళీ పెట్టింది. రెండోది చూడ్డానికి బాగానే ఉంది. ఎర్రటి టీలోకి తెల్లటి పాలు దారాలు దారాలుగా దిగాయి. తోడికోడలు రెండు గుక్కలు తాగి రాసింది: 'చల్లగా ఉంది.'

"బాగుందా?"

అదే మాటను వేలితో మళ్ళీ చూపింది.

కొలత ఎక్కడో తప్పిందనుకుంది అద్దాలక్క. మర్నాడు అనాసపువ్వులు మూడు వేసింది. ఆ మర్నాడు టీపొడి మార్చింది. ఇంకోరోజు దాల్చినచెక్క తీసేసింది. హోటల్ టీ నారింజరంగులో మెరుస్తుందట, ఇంట్లో టీ ఇటుకరంగు దాటి రానంది. అదే లోపమేమోనని రంగు పొట్లం కూడా తెచ్చి వేసి చూసింది. పన్నెండు రోజులు, పన్నెండు చీటీలు. ప్రతిరోజూ గ్లాసు అందించి ఎదురుగా కూర్చునేది. ప్రతిరోజూ ఆమె సగం తాగి, చల్లగా ఉందనో తియ్యగా ఉందనో రాసేది. పదమూడోరోజు గ్లాసు పక్కన పెట్టి బోర్డు నిండా రాసింది.

'తప్పు మీది కాదు. నాకు వాసన తెలియడం లేదు. ముక్కులోంచి గాలి వెళ్ళడం లేదు కదా. ఏది తాగినా తీపి, చలువ, అంతే. మీరు బాధపడతారని చెప్పలేదు.'

అద్దాలక్క బోర్డు తీసుకుని రెండోసారి చదివింది. గొంతు పోతుందని అందరికీ తెలుసు. దాంతోపాటు కాఫీ వాసన, వాన వాసన, మొగుడి చొక్కా వాసన కూడా పోతాయని ఆమె అనుకోలేదు. మర్నాడు తనే తోడికోడల్ని తీసుకుని ఆసుపత్రిలో మాటలు నేర్పే గదికి వెళ్ళి సంగతి చెప్పింది. అక్కడి మాస్టరమ్మ ఓపికగా విన్నది. ముక్కు పాడవలేదు, గాలి దారి మారింది, అంతే అంది. పెదాలు మూసే ఉంచి, పెద్దవాళ్ళ ముందు వచ్చిన ఆవలింతను దాచుకుంటున్నట్టు దవడను లోపల్లోపలే కిందికి లాగమంది. అలా చేస్తే ముక్కులోంచి కొంచెం గాలి లోపలికి వస్తుందట. కొందరికి త్వరగా పట్టుబడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. పక్కన ఎవరైనా కలిసి చేస్తే మంచిదని కూడా చెప్పింది.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మూతి బిగించి ఆవలించేవారు. మధ్యన బల్ల మీద టీ గ్లాసు. ఓసారి భోజనానికి వచ్చిన మరిది గుమ్మంలోనే ఆగి, నెమరేస్తున్న రెండు ఆవుల్లా ఉన్నారన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ ఇద్దరూ కలిసి అతని మీద విసుక్కోవడం అదే మొదలు.

ఏడో వారంలో ఒకరోజు చిన్నకోడలు గ్లాసు మీద వంగి, నాలుగైదుసార్లు దవడ లాగి, చటుక్కున ఆగిపోయింది. మళ్ళీ లాగింది. బోర్డు అందుకుని ఒకే మాట రాసింది: 'అనాసపువ్వు.'

కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. ఏడుపుకు చప్పుడు లేదు, మెడ మీద గుడ్డ మాత్రం అల్లల్లాడింది. అద్దాలక్క లేచి వెళ్ళి ఆమె తలను కడుపుకు ఆనించుకుంది. గ్లాసులో ఐసు కరిగిపోయింది.

కాస్త తేరుకున్నాక అద్దాలక్క నోరు విప్పింది. అత్తగారు పోయిన రోజు కబురు తనకు అందలేదని, తెలిసుంటే పరుగున వచ్చేదాన్నని, తొమ్మిదేళ్ళు మింగుకున్నదంతా నాలుగు మాటల్లో చెప్పింది. తోడికోడలు బోర్డు తీసుకోలేదు. ఫోన్ తీసి, దాచుకున్న మాటల్లో చిట్టచివరిది వెతికి నొక్కింది. పాత గొంతు, బొంగురుపోయిన ఆ గొంతే గదిలోకి వచ్చింది.

"అక్కా. కబురు మీకు అందలేదని నాకు నెల తిరక్కముందే తెలిసింది. ఆ దుకాణం పిల్లే చెప్పింది. దిగొచ్చి తప్పయిందందామనుకున్నా. సిగ్గేసింది. ఇవాళంటా, రేపంటా అనుకుంటూ ఇంతదాకా తెచ్చుకున్నా. ఇక రేపు అనలేను. అందుకే ఇప్పుడు అంటున్నా. తప్పు నాదక్కా."

అద్దాలక్కకు కోపం వచ్చింది. వచ్చిన మాట నిజం. తెలిసి కూడా తొమ్మిదేళ్ళా? లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. వీధిలో ఎవరో సైకిల్ చక్రానికి గాలి కొడుతున్నారు. తను సగం మెట్లెక్కి దిగిపోయిన మధ్యాహ్నమూ, పైన ఈ మాటలు ఫోన్‌లోకి వెళ్ళిన మధ్యాహ్నమూ ఒకటేనని అప్పుడు తట్టింది. ఇంకో ఏడు మెట్లెక్కి ఉంటే ఆ మాటలు ఫోన్‌కు కాదు, తనకే చెప్పేది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు. వెనక్కి వచ్చి కూర్చుంది.

"నేనూ రాలేదు కదా" అంది. ఆ విషయం మీద వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు.

తర్వాతి ఏడాది చిన్నకోడలికి మెడకు ఆనించి మాట్లాడే మిషన్ ఇచ్చారు. తుమ్మెద డబ్బాలో పడి రొద చేసినట్టుంటుంది ఆ గొంతు. మిషన్ పట్టుకుని ఆమె తోడికోడలితో అన్న మొదటి మాట, "పంచదార తగ్గించండి." హోటల్‌వాళ్ళు ఆమెను తిరిగి తీసుకున్నారు గానీ కౌంటర్‌లో కాదు, సరుకుల గదిలో. అక్కడ ఎవరికీ కేకేసి చెప్పాల్సిన పని లేదు. ఆ మార్పు ఆమెను కుంగదీసింది. కొన్నాళ్ళు పనికి వెళ్ళనని పడుకుంది కూడా. తర్వాత వెళ్ళింది. ఇప్పటికీ వెళుతోంది. ఆరు నెలలకోసారి పరీక్షలకు వెళ్ళాల్సిన వారంలో ఆ ఇంట్లో రెండు వాటాల్లోనూ సరిగ్గా నిద్ర ఉండదు.

అద్దాలక్క ఇంకా వెనక గదిలోనే ఉంది. గురువారం ఆమెకు సెలవు. ఆ పూట మాస్టరమ్మ అడిగిందని ఆసుపత్రికి వెళ్ళి, కొత్తగా గొంతు తీసేసినవాళ్ళ ఇంటివాళ్ళతో కూర్చుంటుంది. మూతి బిగించి ఆవలించడం చూపిస్తుంది. పోయిన వారం ఒక పెద్దమనిషి, భార్యను మంచం మీద వదిలి వచ్చినవాడు, చేతిలో సంచి నలుపుతూ ఆమెను అడిగాడు.

"మాట వస్తుందామ్మా మా ఆవిడకి?"

"వస్తుందండీ. పాత గొంతు మాత్రం కాదు" అంది అద్దాలక్క. "అలవాటు పడాల్సింది మీ చెవులే."

ఆయన తలూపి సంచిలోంచి కాగితం తీశాడు. ఆమె చెప్పేది రాసుకోవడానికి పెన్ను కోసం జేబులు వెతుక్కుంటుంటే, తన పెన్ను తీసి ఇచ్చింది.