పద్నాలుగు రకాల పల్లవి

మా నాయన నలభై ఏళ్లు నగరిలో మరమగ్గాల మధ్య నిలబడి బతికాడు. ఆ చప్పుడు ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. తిరుపతిలో చెవుల డాక్టరు పరీక్ష చేసి, ముందు పైస్థాయి శబ్దాలు పోతాయనీ, మిషన్ పెట్టుకున్నా పాట ఇదివరకటిలా వినపడదనీ చెప్పాడు. బస్సులో తిరిగొస్తుంటే నాయన నా భుజం తట్టాడు.

"ఒరే, నేను మగ్గం కాడ పాడుకునే పాట ఉండాదే, దాన్ని నీ గిటారు మీద వాయించి సెల్లులో ఎక్కించి ఇయ్యిరా. చెవులు ఉన్నెప్పుడే ఇంటాను."

"రెండ్రోజుల్లో ఇస్తా నాయనా" అన్నాను. అప్పుడు మామిడి పూతకొచ్చి ఉంది.

నాది కరెంటు గిటారు. ఇంట్లో దాని మోత పలికించే ఆంప్లిఫయర్ డబ్బా ముందు మైకు పెట్టి రికార్డు చేద్దామంటే పక్క షెడ్డులో మగ్గాలు టకటకలాడుతూనే ఉంటాయి. అందుకని గిటారు వైరు నేరుగా లాప్‌టాప్‌కు తగిలించి, ఆ డబ్బా పనంతా సాఫ్ట్‌వేర్ చేత చేయిద్దామని నాకు బుద్ధి పుట్టింది. అదేం పాపిష్టి బుద్ధో! అలాంటివి ఒకటా రెండా? ప్రతిదీ పదిహేను రోజులు ఊరికే వాడుకోమంటుంది. ఒకదాన్లో మోత మెత్తగా ఉందనిపించేది, ఇంకోదాన్లో గరగర బాగుందనిపించేది. నా ఈమెయిల్‌తో గడువు తీరిపోతే మా ఆవిడది వాడాను. అదీ అయిపోతే నాయన పేర ఒకటి పుట్టించాను. పాపం, తనకు రోజూ కంపెనీల నుంచి ఉత్తరాలొస్తున్నాయని ఆయనకు ఈనాటికీ తెలీదు.

తెర మీద బొమ్మ డబ్బా ముందున్న బొమ్మ మైకును అంగుళం అటూ అంగుళం ఇటూ జరుపుతూ కూర్చునేవాణ్ణి.

"మామా, అది నిజం మైకైతే ఈపాటికి అరిగిపోయుండేది" అనేది మా ఆవిడ.

"టోన్ అంటే ఏంటో నీకేం తెలుసు?" అని కసిరేవాణ్ణి, అదేదో నాకు తెలిసినట్టు.

నాయన వారానికోసారి "అయిందా?" అనేవాడు. "ఇంకొంచెం నాయనా" అనేవాణ్ణి. ఈలోగా పూత పిందె అయింది, పిందె కాయ అయింది, కాయ ఊరగాయ జాడీలోకి పోయింది.

చివరికి నాకు నచ్చిన పద్నాలుగు మోతల్నీ వరసగా పెట్టి, నాయన చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, ఏది బాగుందో చెప్పమన్నాను.

"అన్నీ ఒకటే గదరా."

ఆయన చెవులు పూర్తిగా పోయాయేమోనని భయపడ్డాను. గబగబా మా ఆవిడకు పెట్టాను. ఆమె కూడా "అన్నీ ఒకటే మామా" అంది. అంతటితో ఊరుకుందా? నన్ను తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టి, తనే ఒక్కోటీ వినిపించింది. "ఇదీ అసలు మోత!" అని నేను మూడుసార్లు తొడ చరిచాను. మూడూ వేరు వేరట. అందులో ఒకటి ఆమె మధ్యలో దూర్చిన, ఏ సాఫ్ట్‌వేరూ తగిలించని ఉత్త గిటారట! ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నా ముఖం కందగడ్డ అయింది.

నాయన మాత్రం నవ్వలేదు. "పద్నాలుగుసార్లూ మొదులే ఇనిపిస్తివి. పాట యాడరా?" అన్నాడు.

పాట లేదు. ఇన్ని నెలలూ నేను వాయించింది పల్లవిలో మొదటి ముక్క ఒక్కటే.

ఆ మధ్యాహ్నమే చేతికందిన సాఫ్ట్‌వేర్‌తో పాటంతా వాయించి, సెల్లులో ఎక్కించి ఇచ్చాను. నాయన కళ్లు మూసుకుని, కాలితో తాళం వేస్తూ విన్నాడు. ఆఖరి చరణం ఆయన పైస్థాయిలో గొంతెత్తి పాడేది. దాన్ని సన్న తీగ మీద చివరి మెట్ల దాకా పోయి వాయించాను. నా జన్మలో అంత బాగా ఎన్నడూ వాయించలేదు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నాయన కాలు ఆగిపోయింది. హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. సెల్లును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శానా బాగుండాదిరా. ఆ కొసాన మాత్రం ఏమీ వాయించకుండా వదిలేసినావే?"

పూతప్పుడే ఇచ్చి ఉంటే వినేవాడు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"అవును నాయనా" అన్నాను. "ఆడ కొంచెం తొందరపడినాను."