తొక్కని బ్రేకు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇందులో ధైర్యమేమీ లేదు, ఉద్యోగం అలాంటిది. మేడ్చల్ దగ్గర ఒక కంపెనీలో కార్ల సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తాను. కారు దానంతటది హారన్ కొడితే మామూలు మనుషులు ఉలిక్కిపడతారు, మేం వైరు వెతుకుతాం. నాకు ఎదురైన ప్రతి దయ్యమూ చివరికి ఊడిన వైరుగానో, మావాళ్లు రాసిన తప్పు లైనుగానో తేలింది.

మా టెస్ట్ కారు నడిపేది యాదగిరన్న. లాల్‌గడి మలక్‌పేట్ మనిషి. అంతకుముందు నీళ్ల ట్యాంకర్ నడిపాడు. నిండు ట్యాంకర్‌ను ఒక్కసారిగా ఆపితే నీళ్లు ముందుకు తోస్తాయట. అందుకని బ్రేకును రెండుసార్లు మెల్లగా తట్టి, ఆ తర్వాతే నొక్కేవాడు. కారులోనూ అదే అలవాటు. ఒకే నొక్కుతో ఆపాల్సిన మా పరీక్షలన్నీ దానితో పాడయ్యేవి.

“అన్నా, ఎనుక నీళ్లు లెవ్వు గద. పక్కన నేనున్న,” అనేవాణ్ణి.

“నువ్వు గూడ ఒలుకుతవ్ తమ్మీ. సప్పుడు జెయ్యక కూసో.”

ఒక మధ్యాహ్నం శామీర్‌పేట వైపు స్టీరింగ్ పరీక్షకు వెళ్లాం. ఎదురుగా ఏదైనా వస్తే కారే ఆగిపోయే సదుపాయం ఒకటుంది. పరీక్షకు అడ్డమని దాన్ని నేనే తీసేశాను. ఒళ్లో లాప్‌టాప్, కళ్లు తెర మీద. కారు రెండుసార్లు మెల్లగా తగ్గి, ఆగింది. తలెత్తితే, బానెట్‌కు చేతికందేంత దూరంలో తోటపని నుంచి వస్తున్న ఆడకూలీలు బిగుసుకుపోయి నిలబడి ఉన్నారు.

“ఏందన్నా, చాయ్ కోసమా?” అన్నాను.

ఆయన వైపు తిరిగాను. తల కిటికీకి ఆని ఉంది. రెండు కాళ్లూ సీటు కిందికి ముడుచుకుని ఉన్నాయి.

గుండెపోటు, ప్రాణం పోయింది అన్నారు ఆస్పత్రిలో.

ఊళ్లో వేరే మాట పుట్టింది. నిద్రపోతూ మనుషుల మీదికి తోలాడనీ, కారు తెలివైనది గనుక ఆగిందనీ. కర్మ అయ్యాక ఆయన భార్య సుజాత వదిన నన్ను పిలిచింది.

“మంది నోరు మూసుడు నాతోని గాదు తమ్మీ. ఆయన ఆపిండా, బండి ఆపిందా, సూసి చెప్పు. నువ్వు పక్కన్నే ఉంటివి గద.”

పక్కనే ఉన్నాను. తెర చూస్తున్నాను.

కారులో జరిగే ప్రతిదీ రికార్డవుతుంది. ఆ ముక్క తీశాను. చక్రాల దగ్గర బ్రేకు పట్టిన గీతలో రెండు చిన్న గుట్టలు, వాటి వెనక ఒక పెద్దది. అది ఎవరి కాలో మా ఆఫీసులో ఎవరైనా చెప్తారు. కానీ దాని కిందనే పెడల్ గీత నేల మీద సాగదీసి పరిచిన తాడులా చదునుగా ఉంది. పెడల్‌ను ఎవరూ తొక్కలేదు. సాఫ్ట్‌వేర్ కూడా ఏ ఆదేశమూ పంపలేదు.

మా పనిలో ముందు మన పరికరాన్నే అనుమానించాలి. పెడల్ సెన్సర్ ఊడదీసి బల్ల మీద పెట్టాను. వేలితో ఎంత మెల్లగా తాకినా గీత లేచింది. వైర్లు మార్చాను. వేరే డ్రైవర్‌తో అదే రోడ్డు మీద తిరిగాను. మనుషులు తప్పులు రాకూడదని మొక్కుకుంటారు, నేను రావాలని మొక్కుకున్నాను. రాలేదు.

మా మేనేజర్‌ది గుంటూరు వైపు. “దొరక్కపోతే డ్రైవర్ పొరపాటని రాసి మూసేయవయ్యా. పోయినాయన వచ్చి అడుగుతాడా ఏంటి?” అన్నాడు. అనేసి, ఎందుకో తనే ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

కారణం తెలియలేదని రాశాను. తర్వాత వదిన దగ్గరికి వెళ్లాను. నా దగ్గర రెండు గీతలున్నాయి. ఒకటి ఆయనే అంటోంది, రెండోది కాదంటోంది.

“ఆయన్నే ఆపిండు వదినా,” అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత లేచి, నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లింది.

“గీళ్లకు గూడ చెప్పు తమ్మీ.”

చెప్పాను. ఆ పక్కింట్లోనూ చెప్పాను. ఆ వాడంతా ఆమె నా చెయ్యి వదల్లేదు. ఎలా ఆపాడని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఈ రోజుకీ ఏమీ లేదు.