దేవరాజు వేసిన జాయింటు

వనపర్తి ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే దేవరాజుకు ఆ వారమంతా ఒళ్లు మండిపోతూనే ఉంది. రెండు వేల ఏడు, ఎండాకాలం. మూలన పడేసిన ఎనిమిది పాత కంప్యూటర్లను వైర్లతో కలిపి, ఒకే లెక్కను ఎనిమిదీ పంచుకుని చేసేలా తయారుచేసింది అతనే. కోడేరు చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఏటేటా ఎంత లోతుకు దిగుతున్నాయో తేల్చే లెక్క అది. రాసింది లెక్చరర్ మాలతి మేడం. ఒక్క కంప్యూటర్ మీద అయిదు గంటలు పట్టే లెక్క, ఎనిమిదింటి మీద ఏడు గంటలు పట్టింది. శనివారంలోగా దారికి రాకపోతే కంప్యూటర్లన్నీ ఆఫీసుకు ఇచ్చేస్తానన్నాడు ప్రిన్సిపాల్. అదే జరిగితే మేడం పరిశోధన అటకెక్కుతుంది.

దేవరాజు మాట పడే మనిషి కాదు. కంప్యూటర్ల పని నేర్చుకోకముందు ఖిల్లా ఘణపూర్‌లో తండ్రి బాలయ్యతో పాటు పదేళ్లు బోరు మోటార్లు దించాడు. అతను వేసిన వైరు జాయింటు మూడు వందల అడుగుల లోతు నీళ్లలోనైనా చెక్కుచెదరదని పేరు. అలాంటివాణ్ని పట్టుకుని, నెట్‌వర్క్ సరిగ్గా కొలిచావా అని అడిగింది మేడం.

కొలవకేం, రోజుకు పదిసార్లు కొలిచాడు. మొదటి కంప్యూటర్ నుంచి ఒక్కోదానికీ చిన్న కబురు పంపడం, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో రాసుకోవడం. అన్నిటి నుంచీ చిటికెలో జవాబు వచ్చింది. చిన్న కబుర్లు కాదు, లెక్కలో నడిచేంత పెద్ద డేటా పంపి చూడమంది మేడం. సైకిలు పోయే దారిలో లారీ పోదా అని విసుక్కున్నాడు దేవరాజు. గురువారం ఇక ఆగలేక ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, వైర్లలో ఏ లోపమూ లేదనీ మేడం ప్రోగ్రామే తప్పుల తడకనీ చెప్పి వచ్చాడు. ప్రిన్సిపాల్ ఆమెను పిలిచి లెక్చరర్లందరి ముందూ చివాట్లు పెట్టాడు.

శుక్రవారం ఆమె ల్యాబుకు రాలేదు. ఆమె నోరు మూయించే రుజువు కావాలని, దేవరాజు ఆమె చెప్పినట్టే పెద్ద డేటా పంపి కొలిచాడు. ఏడో కంప్యూటర్ దాకా అంతా బాగుంది. ఎనిమిదోదానికి పంపినదాంట్లో కొంత దారిలోనే చెడిపోతోంది, మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తోంది. కలుపు తీసేటప్పుడు ఒక్కరు వెనకబడితే మిగతావాళ్లంతా గట్టు మీద ఆగినట్టు, ఏడూ ఆ ఒక్కదాని కోసమే ఆగుతున్నాయి.

ఎనిమిదోదాని లోపలి నెట్‌వర్క్ కార్డు మార్చాడు. వైర్లన్నీ కలిసే పెట్టెలో చోటు మార్చాడు. అమ్మిన షాపువాణ్ని తిట్టాడు. చివరికి బల్లల కింద దూరి వైరు వెంబడి పాకాడు. బీరువా వెనక నల్లటి టేపు చుట్టిన జాయింటు కనిపించింది. వైరు పొట్టిదైందని రెండు నెలల కింద వేసింది తనే. బోరు మోటారుకు వేసినట్టే, లోపల జంటలు జంటలుగా పెనవేసి ఉన్న మెలికలన్నీ విప్పి, రాగి పోగులు కలిపి, జానెడు మేర టేపు బిగించాడు. కరెంటుకైతే అది చక్కటి జాయింటు. నెట్‌వర్క్ వైరులో ఆ మెలికలు విప్పితే ఒక జంట పోగుల కబురు ఇంకో జంటలో కలిసి పాడవుతుంది. ఆ సంగతి విద్యార్థులకు ఏటా చెప్పేదీ తనే.

కొత్త వైరు వేశాక లెక్క గంటలో ముగిసింది. దేవరాజుకు సంతోషం మాట దేవుడెరుగు, తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

లెక్క గంటలో ముగిసిందని విని, శనివారం ప్రిన్సిపాల్ ఇద్దరినీ పిలిచాడు. దేవరాజు నోరు తెరిచేలోపే, గట్టిగా నాలుగు అంటేగాని మేడం ప్రోగ్రాం దిద్దుకోలేదని నవ్వాడు. మాలతి తల వంచుకుని నిలబడింది.

"మేడం ఒక్క అక్షరం గూడ మార్చలే సార్," అన్నాడు దేవరాజు. "తప్పు నాది. వైరుకు జాయింటు తప్పేసిన. సరిగ్గ కొలువుమని మేడం ముందే చెప్పింది, నేనే ఇనలే. మొన్న ఎవరెవరి ముందర మేడంను అన్నరో వాళ్లందరిని పిలువుండ్రి. గీ మాట వాళ్ల ముందర గూడ చెప్త."

పని అయిపోయింది కదా, ఇప్పుడు అదంతా ఎందుకని ప్రిన్సిపాల్ ఫైలు మూశాడు.

మాలతి తలెత్తింది.

"పిలవండి సార్," అంది.